ఫ్రిజ్ మీద లెవెల్ 3: ఒక ఆప్ట్ అవుట్ కేసు

ఈ కేసు 2016 ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చింది. తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. ఊరి పేరు చెప్పడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పిల్లవాణ్ని చిన్నా అంటాను. ఇంట్లో అలా పిలవరు.

నేను న్యూయార్క్ రాష్ట్రంలో లైసెన్స్ ఉన్న మెంటల్ హెల్త్ కౌన్సెలర్‌ని. ఆఫీసు లాంగ్ ఐలాండ్‌లో, నాసా కౌంటీలో (రాకెట్లు పంపే నాసా కాదు, మా అమ్మకి ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు). నా దగ్గరికొచ్చే వాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళు కూడా మొదటిసారి కారు బిల్డింగ్ వెనకవైపు పెట్టి వస్తారు. వీళ్ళూ అలాగే వచ్చారు.

చిన్నాకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. జనవరి నుంచి కడుపునొప్పి. పిల్లల డాక్టర్ పాలు మాన్పించి చూశారు, రక్తపరీక్షలు చేయించారు, సీలియాక్ (గోధుమ పడని జబ్బు) కాదని తేల్చారు, మలబద్ధకం లేదన్నారు. శని, ఆదివారాల్లో నొప్పి ఉండదు. సోమవారం పొద్దున సీరియల్ గిన్నె ముందు కూర్చోగానే మొదలవుతుంది. స్కూల్ నర్స్ ఆఫీసుకి జనవరిలో నాలుగుసార్లు వెళ్ళాడు, ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లోనే ఐదుసార్లు. రెఫరల్ కాగితం చివర డాక్టర్ చేత్తో ఒక లైను రాశారు: స్టేట్ టెస్టుల విషయంలో తల్లిదండ్రులకు పడటం లేదు.

అప్పటి పరిస్థితి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ఏటా ఇంగ్లిష్, లెక్కల్లో రాష్ట్ర పరీక్ష పెట్టాలన్నది 2002లో సంతకమైన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టంతో వచ్చిన నియమం. 2015 డిసెంబరులో దాని స్థానంలో ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్ వచ్చింది కానీ ఈ నియమం పోలేదు. నూటికి 95 మంది రాయాలన్న షరతూ పోలేదు. న్యూయార్క్‌లో 2013లో కామన్ కోర్ అనే కొత్త ఉమ్మడి పాఠ్య ప్రమాణాలకి తగ్గట్టు పరీక్ష మార్చారు. ఆ ఏడు నూటికి 31 మందే ఆ తరగతికి తగ్గట్టు ఉన్నారని తేలింది. నిన్నటిదాకా బాగా చదువుతున్నాడనుకున్న పిల్లవాడు వెనకబడ్డాడని ఇంటికి కాగితం వచ్చేసరికి తల్లిదండ్రులకు మండింది. పైగా ఆ మార్కులతోనే టీచర్ల పనితీరు కొలుస్తామన్నారు. 2015 బడ్జెట్‌తో పాటు ఆ వాటా ఇంకా పెంచేలా చట్టం తెచ్చారు. టీచర్ల యూనియన్ అధ్యక్షురాలే పిల్లలతో పరీక్ష రాయించకండని పిలుపునిచ్చింది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రం మొత్తం మీద రెండు లక్షల మందికి పైగా, అంటే రాయాల్సిన ప్రతి ఐదుగురిలో ఒకరు, రాయలేదు. లాంగ్ ఐలాండ్‌లో అయితే దాదాపు సగం.

ఇలా పరీక్ష రాయించకపోవడాన్నే ఆప్ట్ అవుట్ అంటారు. బడి ఎగ్గొట్టడమేమీ కాదు. మా పిల్లవాడు రాయడు అని తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం ఇస్తారు. మిగతావాళ్ళు రాస్తున్నంతసేపు ఆ పిల్లలు లైబ్రరీలో పుస్తకం చదువుకుంటారు. కొన్ని డిస్ట్రిక్టుల్లో పుస్తకం కూడా ఇవ్వకుండా సొంత డెస్క్ దగ్గరే ఊరికే కూర్చోబెట్టేవాళ్ళు, దానికి ‘సిట్ అండ్ స్టేర్’ అని పేరు పడింది. పరీక్ష మీద నమ్మకం పోవడానికి చిన్న చిన్న కారణాలు కూడా పనిచేశాయి. 2012లో ఎనిమిదో తరగతి పేపర్లో మాట్లాడే పైనాపిల్ ఒకటి కుందేలుతో పందెం వేసుకున్న కథ ఇచ్చి, చివరికి జంతువులు ఆ పైనాపిల్‌ని ఎందుకు తిన్నాయని అడిగారు. పిల్లలు తెల్లమొహం వేశారు. రాష్ట్రం ఆ ప్రశ్నల్ని లెక్కలోంచి తీసేసింది. మా ఏరియాలో టెస్టుల మాటొస్తే ఎవరో ఒకరు పైనాపిల్ అనకుండా ఉండరు.

ఇక ఈ ఇంటి సంగతి. చిన్నా క్లాసులో 23 మంది. అంతకుముందు ఏడాది, మూడో తరగతిలో, అందులో 13 మంది రాయలేదు. చిన్నా రాశాడు. అతని ఇద్దరు స్నేహితులు ఆ మూడు రోజులూ లైబ్రరీలో కామిక్స్ చదివారు. ఈసారి తల్లి వద్దంటోంది, తండ్రి రాయాల్సిందే అంటున్నాడు. పక్కింటావిడ ఇచ్చిన రెఫ్యూజల్ లెటర్ నమూనా తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లో మూడు వారాలుగా ఉంది. సంతకం పెట్టింది, తేదీ వేయలేదు.

తండ్రిది గుంటూరు జిల్లా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్1బీ, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాడు. మొదటి సిటింగ్‌లో ఆయన మొట్టమొదట అడిగింది పిల్లవాడి గురించి కాదు.

“మేడం, ఈ ఉత్తరం ఇస్తే రికార్డుల్లో ఎక్కుతుందా? రేపు గ్రీన్ కార్డుకి ఏమన్నా అడ్డమొస్తుందా?”

దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పాను. ఆయన తల ఊపాడు, కానీ నమ్మినట్టు అనిపించలేదు. ఈ దేశంలో కాగితాల మీద బతికే మనుషులకి ‘నిరాకరిస్తున్నాం’ అన్న మాట కింద సంతకం పెట్టడం ఎంత కష్టమో ఆ ఉత్తరాలు తయారుచేసిన వాళ్ళకి తట్టి ఉండదు.

ఆయన వాదన తోసెయ్యదగింది కాదు. “పరీక్ష రాయనని ఉత్తరమిచ్చేదేంటండీ? నేను నూట మూడు జ్వరంతో ఇంటర్ ఫిజిక్స్ రాశాను. మా వీధిలో వాళ్ళు మానేస్తే వాళ్ళకి చెల్లుతుంది. వాళ్ళ పిల్లలకి ఇంటిపేరే సిఫారసు. మన పిల్లలకి మార్కులే సిఫారసు.” ఆప్ట్ అవుట్ ఉద్యమంలో ఉన్నవాళ్ళ మీద కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీ వాళ్ళు చేసి 2016లోనే బయటపెట్టిన సర్వేలో కూడా ఎక్కువమంది బాగా చదువుకున్న, సగటుకంటే ఎక్కువ ఆదాయమున్న తెల్లవాళ్ళేనని తేలింది. 2015 మేలో 12 పౌరహక్కుల సంఘాలు కలిసి ఈ ఉద్యమాన్ని వ్యతిరేకించాయి. పరీక్షే లేకపోతే నల్లపిల్లలకి, పేదపిల్లలకి, ఇంగ్లిష్ రాని పిల్లలకి చదువు సరిగ్గా చెప్పడం లేదని రుజువు చేసేదెలా అన్నది వాళ్ళ ప్రశ్న. ఈ తండ్రికి ఆ ప్రకటన సంగతి తెలియదు. తన దారిలో తను అదే అన్నాడు.

తల్లి మాట పొట్టిది. “వాడు అన్నం తినట్లేదండీ.”

చిన్నాతో మొదటి సిటింగ్‌లో మామూలుగా చేసేవే చేశాను. ‘స్కేర్డ్’ అని పిల్లల ఆందోళన చూసే ప్రశ్నావళి ఒకటుంది, 41 ప్రశ్నలు. పిల్లలు ఒకటి నింపుతారు, తల్లిదండ్రులు ఒకటి నింపుతారు. మొత్తం 25 దాటితే జాగ్రత్తగా చూడాలి. తల్లి నింపినదాంట్లో 22, తండ్రి నింపినదాంట్లో 11, పిల్లవాడి సొంత కాగితంలో 31 వచ్చాయి. ఒకే ఇంట్లో ఒకే పిల్లవాడి మీద మూడు అంకెలు. తర్వాత బొమ్మలు వేయమంటే చిన్నా ఒక వరసలో గుండ్రాలు గీసి పెన్సిల్‌తో నింపడం మొదలుపెట్టాడు. ఒకటి గీత దాటింది. రబ్బరుతో తుడిచాడు, మళ్ళీ నింపాడు, మళ్ళీ తుడిచాడు, చివరికి కాగితం చిరిగింది. అప్పుడు రెండు ప్రశ్నలడిగాడు (ఇంగ్లిష్‌లోనే మాట్లాడతాడు, నేను తెలుగులో రాస్తున్నాను).

“రాయకపోతే సున్నా వేస్తారా?”

“వెయ్యరు” అన్నాను.

“మరి డాడీకి ఎవరు చెప్తారు?”

ఈ రెండో ప్రశ్న నోట్స్‌లో రాసుకున్నాను, వదిలేశాను. అక్కడే పప్పులో కాలేశాను.

ఎందుకంటే ఆ తర్వాతి వారం తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి నాకు తెలిసిందంతా చెప్పాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. 2014లో రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం మూడు నుంచి ఎనిమిది తరగతుల మార్కులు పిల్లవాడి శాశ్వత రికార్డులో ఎక్కవు. పై తరగతికి పంపాలా వద్దా అన్నది ప్రధానంగా వాటి మీద నిర్ణయించకూడదు. తక్కువ లెవెల్ వస్తే అదనపు బోధన ఇవ్వాలేమో చూస్తారు, అది శిక్ష కాదు. టీచర్ల పనితీరుకి ఈ మార్కులు వాడటాన్ని 2015 డిసెంబరులో రాష్ట్ర విద్యామండలి కొన్నేళ్ళపాటు ఆపేసింది. హైస్కూల్లో రీజెంట్స్ పరీక్షలు వేరు, వాటికి ఈ ఉత్తరం చెల్లదు, అవి పాసైతేనే డిప్లొమా. కొత్తగా 2016 నుంచి టైము పరిమితి తీసేశారు, పిల్లవాడు పని చేస్తున్నంతసేపు రాయొచ్చు. మొత్తం మీద, రాసినా పిల్లవాడికి స్కూల్లో ఒరిగేదీ లేదు, రాయకపోతే పోయేదీ లేదు.

ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. తండ్రి ఫోన్‌లో రాసుకున్నాడు కూడా. నేను ఇచ్చినవన్నీ ఇద్దరికీ వాదనకి సరుకైపోయాయి. “పోయేదేమీ లేదుగా, రాస్తే ఏం?” అని ఆయన, “ఒరిగేదేమీ లేదుగా, మానేస్తే ఏం?” అని ఆవిడ. ఇంటికెళ్ళేటప్పుడు కారులో అదే, రాత్రి భోజనాల దగ్గర అదే. వెనక సీట్లో చిన్నా, పక్కన కార్ సీట్లో ఒకటో తరగతి చెల్లెలు. తర్వాతి రెండు వారాల్లో నర్స్ ఆఫీసుకి ఏడుసార్లు వెళ్ళాడు. నేను రంగంలోకి దిగాక నొప్పి పెరిగింది.

మూడో సిటింగ్‌లో పరీక్ష మాట ఎత్తలేదు. “నొప్పి మొదలయ్యే చోటు బొమ్మ వెయ్యి” అన్నాను. స్కూలు వేస్తాడనుకున్నాను. వంటగది వేశాడు. టేబులు, గిన్నె, ఫ్రిజ్. ఫ్రిజ్ తలుపు మీద ఒక దీర్ఘచతురస్రం, దాని మధ్యలో అడ్డంగా పసుపు గీత. పసుపు పెన్సిల్‌తో గట్టిగా నొక్కి రుద్దాడు.

“ఇదేంటి?”

“నా త్రీ.”

తల్లిని అడిగితే తెలిసింది. మూడో తరగతి స్టేట్ టెస్టు రిపోర్టు. లెక్కల్లో లెవెల్ 4, అదే అన్నిటికంటే పైది. ఇంగ్లిష్‌లో లెవెల్ 3, అంటే ఆ తరగతికి తగ్గట్టు ఉన్నాడని. చక్కటి రిపోర్టు. తండ్రి దాన్ని ఫ్రిజ్‌కి అయస్కాంతంతో పెట్టాడు, 3 ఉన్న లైను మీద పసుపు హైలైటర్ గీశాడు. సెప్టెంబరు నుంచి అది అక్కడే ఉంది. ఫోటో తీసి గుంటూరు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు. పెదనాన్న “ఇంగ్లిష్ దేశంలో ఉండి ఇంగ్లిష్‌లో తగ్గిందేంట్రా” అని నవ్వుతూ ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. అందరూ విన్నారు. చిన్నా కూడా విన్నాడు. జనవరిలో స్కూల్లో ప్రాక్టీసు పేపర్లు మొదలయ్యాయి, నొప్పీ అప్పుడే మొదలైంది.

ఆ వారం తండ్రిని ఒక్కణ్ని రమ్మన్నాను.

ఆయనకి ముందు కోపమొచ్చింది. “నేను వాణ్ని కొట్టలేదు, తిట్టలేదు. ఒక కాగితం పెట్టానంతే. ఎక్కడ ఇంప్రూవ్ అవ్వాలో కనపడుతుండాలని.” నేను ఏమీ అనలేదు. కాసేపు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూశాడు. “మీరేం చదివారు, ఎక్కడ చదివారు?” అని అడిగాను, సంబంధాలు చూసేవాళ్ళలా. ఆయన నవ్వాడు. అప్పుడు చెప్పాడు.

ఇంటర్ రెండేళ్ళు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాడు. ఆదివారం టెస్టు, మంగళవారం సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు నోటీసు బోర్డు మీద లిస్టు. మార్కుల వరసలో పేర్లు. నెలకోసారి ఆ వరసని బట్టి సెక్షన్లు మార్చేవాళ్ళు, సెక్షన్ మారితే రూమూ మారాలి. “పరుపు చుట్టుకుని, ట్రంకు పెట్టె మోసుకుని, వరండా మొత్తం నడిచి కింది సెక్షన్ రూముకి పోవాలండీ. ఆ టైముకి అందరూ వరండాలోనే ఉంటారు. నేను రెండుసార్లు నడిచాను.” ఎంసెట్ ర్యాంకు చెప్పాడు, నిద్రలో లేపి అడిగినా చెప్తానన్నాడు. ఆ రెండుసార్ల సంగతి మాత్రం పెళ్ళానికి కూడా ఎప్పుడూ చెప్పలేదట.

“మీ నాన్నగారికి ఎవరు చెప్పేవాళ్ళు?” అని అడిగాను. చిన్నా ప్రశ్న నా నోట్స్‌లో ఉంది కదా.

“ప్రోగ్రెస్ కార్డు పోస్టులో వచ్చేది” అన్నాడు. చాలాసేపటికి, “ఆ ఫ్రిజ్ మీదది తీసేస్తాను” అన్నాడు.

తీసేయొద్దన్నాను. ఒక రోజు పొద్దున లేచేసరికి అది మాయమైతే, తన గురించి పెద్దవాళ్ళు చాటుగా ఏదో మాట్లాడుకున్నారని పిల్లవాడికి అర్థమవుతుంది. తీసేటప్పుడు వాడు చూస్తుండాలి, ఎందుకు తీస్తున్నారో వినాలి.

ఇక్కడ వృత్తిపరంగా నన్ను పీడించిన విషయం ఒకటి చెప్పాలి. ఆందోళన ఉన్న పిల్లల విషయంలో మేము పట్టుకునే సూత్రం, భయపడేదాన్ని తప్పించుకోనిస్తే భయం బలుస్తుంది అన్నది. కుక్కంటే భయమున్నవాణ్ని కుక్కలున్న వీధి మాన్పించం, మెల్లమెల్లగా దగ్గరికి తీసుకెళ్తాం. ఆ లెక్కన చిన్నా పరీక్ష రాయాలి. కానీ ఒక కుటుంబం, ఈ పరీక్ష పిల్లల చదువుకి పనికిరాదు, మేము ఒప్పుకోం అని నిర్ణయించుకుని ఉత్తరమిస్తే అది తప్పించుకోవడం కాదు, అది వాళ్ళ అభిప్రాయం. బయటికి రెండూ ఒకేలా కనపడతాయి, ఉత్తరం ఒకటే. నిరాకరిస్తున్నది తల్లిదండ్రులా, పిల్లవాడి కడుపా అన్నది చూసుకోవాలి. ఈ ఇంట్లో తల్లికి పరీక్ష మీద ప్రత్యేకంగా అభిప్రాయం ఏమీ లేదు. ఆదివారం తెలుగు బడి పరీక్షకి పిల్లల్ని తనే దగ్గర కూర్చుని చదివిస్తుంది. ఆవిడ మానిపించాలనుకున్నది నొప్పిని. అందుకే రాయించడమే మేలని నా మనసులో ఉంది, వాళ్ళకీ అదే చెప్పాను.

మార్చి 24న అందరం కూర్చున్నాం. ఆరు నెలలకని వచ్చిన నానమ్మ కూడా వచ్చింది. మూడు రోజుల ముందే రాష్ట్ర విద్యామండలికి కొత్త ఛాన్సలర్‌గా బెట్టీ రోజా ఎన్నికైంది. తాను మండలిలో లేని మామూలు తల్లినై ఉంటే ఇప్పుడు తన పిల్లల్ని ఆప్ట్ అవుట్ చేయించేదాన్నని ఆవిడ బాహాటంగా అంది. తల్లి ఆ వార్త ప్రింట్ తీసుకొచ్చింది. తండ్రి చదివి, “ఈవిడే పరీక్ష పెడుతుంది, ఈవిడే రాయొద్దంటుంది, బాగుంది” అన్నాడు. ఆ మాట మాత్రం నాకూ సబబే అనిపించింది.

తర్వాత తండ్రి జేబులోంచి మడతపెట్టిన రిపోర్టు తీశాడు. ఆ పొద్దునే చిన్నా చూస్తుండగా ఫ్రిజ్ మీంచి తీశాడట. “ఇది నీది. నేను గీత గీయకుండా ఉండాల్సింది” అన్నాడు, తెలుగులో. చిన్నా కాగితం తీసుకుని కుర్చీ కింద పెట్టాడు. ఇంకేమీ జరగలేదు. సినిమాల్లోలా ఎవరూ ఏడవలేదు. నానమ్మ మాత్రం “అమ్మాయ్, వాడికి ఆకలేస్తున్నట్టుంది” అంది నాతో.

అప్పుడు చిన్నాని అడిగాను, నీకేమనిపిస్తోందని. నిర్ణయం నీదే అనలేదు. తొమ్మిదేళ్ళవాడి నెత్తిన పెద్దవాళ్ళ తగువు పెట్టడం న్యాయం కాదు. వాడి జవాబు ముగ్గురు పెద్దవాళ్ళనీ తికమకపెట్టింది.

“ఇంగ్లిష్ రాస్తాను. మ్యాథ్ రాయను.”

తండ్రి ముందుకి వంగాడు. “మ్యాథ్ నీకు బాగా వచ్చు కదరా?”

“అందుకే. అది ఫోర్. ఫోర్ నుంచి ఎక్కడికి పోతుంది? కిందికే కదా.”

త్రీ అంటే భయం కాదు, ఆల్రెడీ వచ్చేసింది, ఫ్రిజ్ మీద ఆరు నెలలు ఉండి కూడా ప్రాణం తీయలేదు. ఫోర్ పోతుందేమోనన్నదే భయం. ఎంసెట్ ర్యాంకు నిద్రలో కూడా చెప్పగల మనిషి ఆ మాట విని వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

నా అభిప్రాయం గట్టిగానే చెప్పాను: లెక్కలే రాయాలి, కావాలంటే ఇంగ్లిష్ మానేయొచ్చు. భయమున్న చోటే కదా నడవాలి. తండ్రి ఒప్పుకోలేదు. “మేడం, నాకు బాగా కావాల్సిన నంబర్ అదే. అది రాకుండా ఉండనివ్వండి, ఒక ఏడు. వాడికోసం కాదు, నాకోసం.” నెల క్రితం ఆప్ట్ అవుట్ అంటే ఒంటికాలి మీద లేచిన మనిషి! తల్లి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఉత్తరం బయటికి తీసింది, ‘ఇంగ్లిష్’ అన్న మాట కొట్టేసి, తేదీ వేసింది. ఆయన కింద సంతకం చేశాడు, రెండుసార్లు చదివి.

వాళ్ళ నిర్ణయంతో నేను ఏకీభవించలేదని ఆ రోజు కేస్ నోట్‌లో రాశాను.

ఏప్రిల్ మొదటి వారంలో మూడు రోజులు ఇంగ్లిష్ (ఇప్పుడైతే రెండు రోజులే, 2018లో తగ్గించారు). టైము పరిమితి తీసేయడం పిల్లలకి మేలు చేస్తుందని అనుకున్నారు. చిన్నాలాంటి వాడికి అది ఉచ్చయింది. మొదటి రోజు తొమ్మిదింటికి మొదలుపెట్టి ఒంటిగంటన్నర దాటేదాకా లేవలేదు. చెరిపి రాశాడు, రాసి చెరిపాడు. భోజనానికి ఆలస్యమైంది, నర్స్ దగ్గరికీ వెళ్ళాడు. సాయంత్రం తల్లి ఫోన్ చేసింది. మర్నాటికి ఒక ఒప్పందం చేసుకున్నాం: ఒక్కసారి చదివి సరిచూసుకున్నాక పేపరిచ్చేయాలి, సరిచూసిన చోట మళ్ళీ రబ్బరు పెట్టకూడదు. టీచర్‌ని సాయమడగడానికి లేదు, పరీక్ష కదా, అందుకని వాడే చేతి మీద పెన్నుతో ‘1’ అని రాసుకుని వెళ్ళాడు. రెండో రోజు పదకొండున్నరకి, మూడో రోజు పదకొండుకి లేచాడు. నర్స్ దగ్గరికి వెళ్ళలేదు. నాకు ఈ కేసులో గర్వంగా అనిపించేది ఇదొక్కటే.

తర్వాతి వారం లెక్కలు. మూడు రోజులూ లైబ్రరీ. మొదటి రోజు సంతోషం. రెండో రోజు ఇంటికొచ్చి, “వాళ్ళకి ఇచ్చినవి ఈజీవేనట” అన్నాడు. మూడో రోజు ఏమీ అనలేదు. తల్లి నాతో అంది, “రాసుంటే బాగుండేదేమోనండీ.” ఏమో. నా మాటే నెగ్గి ఉంటే వాడు ఆ గదిలో సాయంత్రం దాకా కూర్చునేవాడేమో కూడా.

మే, జూన్ నెలల్లో నర్స్ ఆఫీసుకి రెండుసార్లే వెళ్ళాడు. అందులో ఒకటి నిజంగానే ఆటలో మోకాలు గీరుకుపోయి.

మేమింకో ఒప్పందం కూడా చేసుకున్నాం. రిపోర్టు కవరు వస్తే ఎవరూ చింపరు, సొరుగులో పెడతారు, వాడు అడిగినప్పుడు తీస్తారు. వేసవి చివర్లో వచ్చింది. పదకొండు రోజులు సొరుగులో ఉంది. ఆ పదకొండు రోజులూ తండ్రి రోజుకి రెండుసార్లు ఆ సొరుగు తెరిచి మూసేవాడని తల్లి చెప్పింది. పన్నెండో రోజు చిన్నా తీశాడు. లెవెల్ 3. “మళ్ళీ త్రీనే” అని కాగితం టేబులు మీద పడేసి సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు.

లెక్కల సంగతి తల్లి స్కూలు ఆఫీసులో కనుక్కుంది. రాయనివాళ్ళకి కంప్యూటర్లో 999 అని కోడ్ వేస్తారట. ఇంటికొచ్చి ఆ మాట చెబితే నానమ్మ మొహం వెలిగిపోయింది. “తొమ్మిదొందల తొంభై తొమ్మిదే! వెయ్యికి ఒకటే తగ్గిందా?” వివరించబోయారు. ఆవిడ అప్పటికే గుంటూరుకి ఫోన్ కలిపేసింది.

నవంబరులో ఊళ్ళో చెస్ టోర్నమెంట్ ముందు నొప్పి మళ్ళీ వచ్చింది. నాలుగు సిటింగులు వచ్చారు, ఈసారి కారు ముందువైపే పెట్టారు. ఐదో తరగతిలో రెండు పరీక్షలూ రాశాడు. రాయాలా వద్దా అని నన్ను ఎవరూ అడగలేదు, రాసిన తర్వాత తెలిసింది.

ఆ నవంబరు సిటింగుల్లో చివరిదాని నాడు తండ్రి ఫోన్ తీసి, వాట్సాప్ గ్రూపులో ఆ పాత ఫోటో డిలీట్ చేస్తే సరిపోతుందా అని అడిగాడు. “అత్తయ్యగారు అప్పుడే ఇంకో మూడు గ్రూపులకి పంపారండీ” అంది తల్లి. ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

వెళ్ళబోతూ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో కారు తాళాల కోసం వెతుకుతుంటే ఒక కాగితం జారి కింద పడింది. వంగి తీసిచ్చాను. అదే ఉత్తరం, జిరాక్స్ కాపీ. పేరు, తేదీ రెండూ ఖాళీ.

“పాప ఇంకా రెండో తరగతే కదండీ” అన్నాను.

“అందుకే ఖాళీగా ఉంచాను” అని మడిచి లోపల పెట్టుకుంది.